అడుగు పెట్టని గడులు

అటవీ ఆఫీసులో అతన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను నిక్కచ్చి. ఎదురుపడితే చివర ‘గారు’ తగిలిస్తారు, పక్కకెళ్ళగానే తీసేస్తారు, అంతే తేడా. ఇరవై ఆరేళ్ళుగా అతని పని చెట్లను కొలవడం. అడవిలో అక్కడక్కడా ఇరవై మీటర్ల చదరాలు గుర్తు పెట్టి ఉంటాయి. వాటిని ఆఫీసులో గడులంటారు. ఒక్కో గడిలోకి వెళ్ళి, ప్రతి చెట్టుకూ ఛాతీ ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలత రాసుకోవాలి. తర్వాత మెడ నొప్పెట్టేదాకా తలెత్తి కొమ్మల్ని చూసి, ఆ గడి ఆరోగ్యానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేయాలి. ఐదంటే నిక్షేపంగా ఉన్నట్టు. ఒకటంటే ఆశ వదులుకోవాల్సిందే.

మనిషి నిప్పు. చుట్టుకొలత నూట పదిహేడున్నర వస్తే నూట పద్దెనిమిది అని రాసే రకం కాదు. “ఆ అర కూడా ఎందుకు గురువుగారూ, చెట్టేమైనా చొక్కా కుట్టించుకుంటుందా” అన్నందుకు పక్క టేబులు గుమాస్తాతో వారం రోజులు మాట్లాడలేదు. ఇంట్లోనూ అదే వరస. “ఈయనతో కాపురమంటే తక్కెడలో కూర్చున్నట్టే” అని భార్య అందరితోనూ అనేది. దెప్పుడు మాటే గాని, అందులో ఆవిడకి కొంచెం గర్వం కూడా ఉండేది. అలాంటివాడు అబద్ధం రాశాడంటే ఎవరు నమ్ముతారు? కానీ రాశాడు. ఒకటి కాదు, ముప్పై ఒకటి. అదీ ముత్యాల్లాంటి చేతిరాతతో.

రెండేళ్ళ కిందట ఆఫీసుకి ఒక పాతికేళ్ళ అమ్మాయి వచ్చింది. పాత ఫైళ్ళు పడేసే వెనక గదిని ఊడిపించి, రెండు పెద్ద స్క్రీన్లు పెట్టించుకుని కూర్చుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి అడవికి జబ్బు చేసిందో లేదో కంప్యూటరు చేతే చెప్పిస్తుందట. మొదటి రోజే నిక్కచ్చిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఒక్కో చుక్కా పది మీటర్ల నేల సార్. ఐదు రోజులకొకసారి కొత్త ఫొటో వస్తుంది.”

“బానే ఉందమ్మా. ఏ చెట్టుకి రోగమో దీనికెలా తెలుస్తుంది?”

“తెలీదు సార్. మీరు చెప్పాలి. మీరు గడిలోకెళ్ళి చూసి మూడు అని రాస్తే, పైనుంచి ఆ గడి ఏ కాలంలో ఎలా ఉందో ఇది చూసుకుంటుంది. అలా ఓ నాలుగొందలు చూపిస్తే, మిగతా అడవి సంగతి తనే చెప్తుంది.”

“అంటే నేను దీనికి మేష్టార్నన్నమాట.”

“అంతే సార్. మీరేం చెప్తే దానికదే నిజం.”

ఆ మాట అతని తలకెక్కింది. ఆ వారమంతా ఇంట్లో అదే గొడవ. “యంత్రానికి పాఠాలు చెప్తున్నాను తెలుసా” అంటే, “ముందు మన కుక్కరుకి చెప్పండి, విజిల్ వేయడం మానేసింది” అంది భార్య. అతను పట్టించుకోలేదు. ఒక్క సీజన్లో నాలుగు వందల పన్నెండు గడులు పూర్తి చేస్తానని ఆఫీసరుకి మాటిచ్చేశాడు. యాభై నాలుగేళ్ళ మనిషికి అది తలకు మించిన పనని అందరికీ తెలుసు, అతనికొక్కడికే తెలియలేదు.

మూడు వందల ఎనభై ఒకటి చేశాడు. ఆ మాట ఎవరి ముందైనా చెప్పగలడు. ముళ్ళు గీరుకుని, జలగలు పట్టి, వానలో కాగితాలు చొక్కాలో దాచుకుని మరీ చేశాడు. మిగిలినవి ముప్పై ఒకటి. అన్నీ వెనక వాలులోనివి. అక్కడికి పోవాలంటే వాగు దాటాలి, రాళ్ళ మీద అడుగులేస్తూ. అప్పటికే కుడి మోకాలు వాచి గుమ్మడికాయంత అయింది. గడువు పది రోజులుంది. ఆఫీసరు దగ్గరికెళ్ళి “అవలేదు సార్, నెల రోజులివ్వండి” అని ఉంటే ఆయన ఇచ్చేవాడే. కానీ ‘అవలేదు’ అన్న మాట ఆ నోటి నుంచి అన్నేళ్ళ ఉద్యోగంలో రాలేదు. రాని మాట ఆ రోజూ రాలేదు.

వాగుకి ఇవతల, రోడ్డు మలుపులో జీపు ఆపించి, డ్రైవరుని టీకి పంపించాడు. బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాడు. వాలంతా పచ్చగా నిగనిగలాడుతోంది. మరీ ఒకే తీరు పచ్చగా ఉందేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చింది కూడా. చూపు పక్కకి తిప్పుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందటి పాత కాగితాలు తీసి, ప్రతి చెట్టుకీ ఎనిమిదేళ్ళ పెరుగుదల కలిపి చుట్టుకొలతలు రాశాడు. ఆరోగ్యం నాలుగు, ఐదు, ఐదు, నాలుగు. అన్నీ అవే ఉంటే బాగుండదని నమ్మకం కోసం రెండు చోట్ల మూడు వేశాడు. ఆ రెండు మూళ్ళు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది. మిగతావి నొప్పి వల్ల రాశాననుకోవచ్చు. అవి మాత్రం అచ్చంగా దొంగ తెలివి.

కంప్యూటరు నేర్చుకుంది. కొన్ని గడుల్ని దానికి చూపించకుండా దాచిపెట్టి, చివర్లో వాటితో పరీక్ష పెట్టింది అమ్మాయి. నూటికి తొంభై నాలుగు సరిగ్గా చెప్పింది. దాచినవాటిలో వెనక వాలు గడులూ ఉన్నాయి. అతను నాలుగని రాసిన చోట అదీ నాలుగే అంది. అబద్ధానికి అబద్ధం సరిపోయింది. ఆఫీసరు అందరినీ పిలిచి, నిక్కచ్చి చేతిలో ఒక ప్రశంసాపత్రం పెట్టాడు. చప్పట్లు కొట్టారు. ఇంటికి తెస్తే భార్య ముందుగదిలో మేకు కొట్టించి మరీ తగిలించింది. అతను ఆ గోడకి ఎదురుగా ఉండే కుర్చీ మార్చేసుకున్నాడు. ఎందుకని భార్య అడిగితే గాలి రావడం లేదన్నాడు.

వెనక వాలు వాచరు అతని బావ. అక్క మొగుడు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి, చేతికర్రతో రోజూ ఆ వాలంతా ఒకసారి చుట్టి రావడమే ఆయన ఉద్యోగం. నాలుగు ముక్కలు రాయాలంటే గంట పట్టే మనిషి. అలాంటాయన ఆ రెండేళ్ళలో నాలుగు కాగితాలు పంపాడు. ‘వెనక వాలులో చెట్లు చస్తున్నాయి. తీగ కమ్మేసింది. పైకి పచ్చగా కనబడేది తీగ ఆకు. లోపల చెట్టు లేదు. వచ్చి చూడగలరు.’ నాలుగింటిలోనూ అవే మాటలు.

ఆఫీసరు ప్రతిసారీ స్క్రీను చూశాడు. వాలంతా ఆకుపచ్చ. వెళ్ళి చూస్తే పోయేదిగా అని మీకనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది, ఇప్పుడు. కానీ ఆకాశం నుంచి కనబడుతున్నదాని కోసం వాగులో బూట్లు తడుపుకునేదెవరు? పైగా ఎండిన చెట్లయితే కొట్టుకోడానికి అనుమతిస్తారు. ఒక కలప వ్యాపారి ఆ వాలు కోసం ఏడాదిగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. పచ్చటి చెట్లని చచ్చాయని ఒక వాచరు మాటిమాటికీ రాస్తున్నాడంటే అర్థమేమిటి? వ్యాపారితో చేతులు కలిపాడని అర్థం. నాలుగో కాగితానికి జవాబుగా నోటీసు వెళ్ళింది. సోమవారం విచారణ. సరైన సంజాయిషీ లేకపోతే ఉద్యోగం తీసేస్తారు.

నోటీసు చివర్లో ఒక వాక్యం ఉంది. ‘ఉపగ్రహ పటంతో పాటు, సర్వేయరు స్వయంగా తీసిన కొలతలు కూడా మీ నివేదికలను ఖండిస్తున్నాయి.’ ఆ సర్వేయరు తనే. అది చదివిన రోజు నుంచి నిక్కచ్చి తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఎవరు ‘కొలత’ అన్నా ఉలిక్కిపడేవాడు. చెప్పేద్దామని రెండుసార్లు ఆఫీసరు గది దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వెనక్కొచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాడు. ముందు బావకి చెప్పేస్తే ధైర్యం వస్తుందనుకున్నాడు. అక్క టేబులు మీద దుప్పటి పరిచి బావ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. కాలరు దగ్గర చిరుగుని అప్పుడే కుట్టినట్టుంది, సూది ఇంకా జాకెట్టుకే ఉంది.

“రా తమ్ముడూ. రేపు ఆ గదిలో నువ్వూ ఉంటావటగా,” అంది. “నాకిక బెంగ లేదు. నీ మాటకి అక్కడ ఎదురు లేదంటారు. మా ఆయన దొంగ కాదని ఒక్క ముక్క చెప్పరా. ఈయనేమో నోరు తెరవరు. నిన్న అరటిపళ్ళ వాడు కూడా అడిగాడు, మీ ఆయన్ని తీసేశారటగా అని. నేను వీధిలో తలెత్తుకుని తిరగాలా వద్దా?”

“చూద్దాంలే అక్కా,” అన్నాడు.

“చూడ్డమేంట్రా. చెప్పు.”

అతను ఆ ఇస్త్రీ పెట్టె వంకే చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు తను బడిలో దెబ్బలు తినొస్తే మేష్టారింటికెళ్ళి పోట్లాడిన అక్క. ‘మా తమ్ముడు అబద్ధం చెప్పడు’ అని వీధి వీధంతా వినబడేలా అరిచిన అక్క. మింగలేక కక్కలేక టీ తాగేసి లేచాడు. బావ చెప్పులేసుకుని గేటు దాకా వచ్చాడు.

“మోకాలెలా ఉంది?” అన్నాడు బావ.

“పర్లేదు బావా.”

“ఆ ఏడాది బాగా వాచిందిగా. ఆ కాలుతో వాగు దాటడం అయ్యే పని కాదు.”

నిక్కచ్చి గేటు గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. బావ అతని మొహం చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. “కొలిచిన చెట్టుకి పసుపు రంగు గీత వేస్తారు మీరు. ఆ ముప్పై ఒక్క గడుల్లో ఒక్క చెట్టుకీ కొత్త గీత లేదు. ఉన్నవన్నీ పాతవే, పాచి పట్టేశాయి. రోజూ తిరిగేవాణ్ణి, కనబడవా?”

“ఎప్పట్నుంచి తెలుసు బావా?”

“రెండేళ్ళు.”

“మరి ఆ ముక్క రాయలేదేం? రాసుంటే నీ మీదకి ఇది వచ్చేదే కాదుగా.”

“రాద్దామనే కూర్చున్నా ఒకసారి. నేను చెప్తుంటే రాసిపెడతానని మీ అక్క కలం పట్టుకుని ఎదురుగా కూర్చుంది. నీ తమ్ముడు దొంగ లెక్కలు రాశాడని ఆవిడ చేతే ఎలా రాయించను? చెట్లు చస్తున్నాయి, వచ్చి చూడండి అని మాత్రం చెప్పా. ఎవరో ఒకరు వచ్చి చూస్తే అదే బయటపడుతుందనుకున్నా. ఎవరూ రాలేదు. రేపు నువ్వేం చెప్పినా నేనేమీ అనుకోను. నా నోటి నుంచి మాత్రం రాదు,” అని లోపలికి వెళ్ళిపోయాడు.

బావ తిట్టి ఉంటే బాగుండేది. చొక్కా పట్టుకుని నాలుగు దులిపినా బాగుండేది. నడుస్తున్నంతసేపూ నిక్కచ్చికి చెవులు మండుతూనే ఉన్నాయి. ఎదురొచ్చిన వాళ్ళు పలకరిస్తుంటే తనకి పలకరింపు కూడా దండగే అనిపించింది. రెండేళ్ళుగా ఆ మనిషి ప్రతి పండక్కీ పబ్బానికీ పక్కన కూర్చుని భోంచేశాడు, జోకులేశాడు, ‘మా బావమరిది లెక్కంటే లెక్కే’ అని పదిమందిలో అన్నాడు. తెలిసే అన్నాడు.

సోమవారం పదకొండింటికి పొడుగుబల్ల గదిలో అందరూ చేరారు. గోడ మీద తెరలో పటం, వెనక వాలు చిక్కటి ఆకుపచ్చగా. ఒక పక్క ఆఫీసరు, ఒక పక్క అమ్మాయి, చివర్లో నిక్కచ్చి. బావని కూర్చోమన్నారు గాని ఆయన కూర్చోలేదు. ఇస్త్రీ మడత చెరగని యూనిఫాంలో, కర్ర బయట పెట్టేసి రావడంతో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

“నిక్కచ్చిగారూ,” అన్నాడు ఆఫీసరు, “వెనక వాలు కొలతలు మీవే కదా?”

“నావే సార్.” కొలిచాను అనలేదు. ఆ తేడా తనకొక్కడికే తెలుసు. అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ భయం ఊరుకోనివ్వదు కదా, ఏదో ఒక సందులోంచి దూరిపోదామని చూస్తుంది. “యంత్రం కూడా ఒక్కోసారి పొరపాటు పడుతుందేమో సార్,” అన్నాడు.

అమ్మాయి మొహం పాలిపోయింది. “అయ్యుండొచ్చు సార్,” అంది ఆఫీసరుతో. “తీగల సంగతి నేను విడిగా ఆలోచించలేదు. తప్పు నాదే అయ్యుండొచ్చు. ఒక్క నెల టైమిస్తే మళ్ళీ చూస్తాను.”

“రెండేళ్ళుగా దీన్ని నమ్మి పైకి రిపోర్టులు పంపుతున్నామమ్మా. ఇప్పుడు తప్పయ్యుండొచ్చంటే నేనేం చెప్పుకోవాలి? ఈ పని మీకప్పగించడమే పొరపాటేమో,” అన్నాడు ఆఫీసరు.

ఆ పిల్ల తల దించుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. బావ ఇటు చూడలేదు, కిటికీ వైపే చూస్తున్నాడు. ఒకరు చాలలేదు, ఇద్దరయ్యారు. తను వేసిన నాలుగుల కోసం, ఐదుల కోసం ఇద్దరు నిర్దోషులు ఒకే గదిలో దోషులయ్యారు. నిక్కచ్చికి తన మీద తనకే రోత పుట్టింది.

లేచి నిలబడ్డాడు. “సార్, నేను వెళ్ళలేదు.”

“ఎక్కడికి?”

“వెనక వాలుకి. ఒక్క గడికీ వెళ్ళలేదు. కాలు బాలేదు. రోడ్డు మలుపులోంచి బైనాక్యులర్స్‌తో చూసి ఆరోగ్యం రాశాను. చుట్టుకొలతలు పాతవాటికి కలిపి వేశాను. ముప్పై ఒకటీ అంతే. అమ్మాయి తప్పు లేదు. వాచరు రాసిందే నిజమై ఉంటుంది.”

ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అరుస్తాడనుకున్నారంతా. “మీరా?” అన్నాడు, అంతే. తల కొట్టేసినట్టయింది నిక్కచ్చికి.

అమ్మాయి ఎండాకాలం ఫొటోలు తెర మీద పెట్టింది. మిగతా అడవి రంగు తగ్గే నెలల్లో వెనక వాలు మాత్రం మెరుస్తూ ఉంది. “తేడా ఉంది సార్. కంప్యూటరు ఇది చూసింది కూడా. ఇలా మెరిస్తే ఆరోగ్యమని మీ కాగితాలు చెప్పాయి. అదే నేర్చుకుంది.” తర్వాత మెల్లగా అడిగింది. “మిగతా గడులు?”

“వెళ్ళానమ్మా. మూడొందల ఎనభై ఒకటికీ వెళ్ళాను. ఒట్టు.”

“వెళ్ళారనే అనుకుంటున్నాను సార్. కానీ నాకెలా తెలుస్తుంది?”

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. ఆ సాయంత్రమే నాలుగు వందల పన్నెండూ కంప్యూటరులోంచి తీసేసింది. ముళ్ళు గీరుకున్నవీ, జలగలు పట్టినవీ, అన్నీ.

మూడో రోజు అందరూ వాగు దాటి వెనక వాలుకి వెళ్ళారు. బయటి నుంచి పచ్చటి పందిరి. లోపల అడుగుపెడితే బెరడు ఊడిన మోళ్ళు, వాటి మీదుగా తాడంత మందాన పాకిన తీగలు. ఆఫీసరు ఒక మొదలు మీద చెయ్యి వేస్తే వేళ్ళు లోపలికి దిగబడ్డాయి. వాలులో చెట్లు సగానికి పైగా పోయాయి. “నేను మొదట రాసినప్పుడు తీగ కోసుంటే వీటిలో చాలా బతికేవి,” అన్నాడు బావ. ఎవరినీ ఉద్దేశించి అన్నది కాదది. ఆఫీసరు అక్కడే, ఆ మోళ్ళ మధ్యనే బావకి క్షమాపణ చెప్పాడు.

నిక్కచ్చి పది రోజులు అక్క ఇంటి వైపు వెళ్ళలేదు. మొహం చెల్లలేదు. పదకొండో రోజు ఆవిడే వచ్చింది. మంచినీళ్ళిస్తే పుచ్చుకోలేదు. గుమ్మంలోనే నిలబడి, “ఇస్త్రీ చేసుకుంటూ నిన్ను బతిమాలాను చూడు, మా ఆయన దొంగ కాదని చెప్పమని,” అంది. “అది తలుచుకుంటే నాకు సిగ్గేస్తోందిరా.” వెంటనే వెళ్ళిపోయింది. సిగ్గుపడాల్సింది తనైతే అది కూడా అక్క నెత్తికే చుట్టుకుంది. భార్య వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది. గోడకున్న పత్రం గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు గాని, మర్నాటికి అక్కడ మేకు మాత్రమే ఉంది.

ఉద్యోగం తీసేయలేదు. ఇరవై ఆరేళ్ళు చూశారు కాబోలు. ఒక ఉత్తర్వు మాత్రం వచ్చింది. గడులన్నీ మొదటి నుంచి కొలవాలి. ఇకమీదట సర్వేయరు కాగితం ఒక్కటే చెల్లదు, స్వయంగా చూశానని వాచరు ప్రతి అంకె పక్కనా సంతకం పెట్టాలి.

వెనక వాలుతోనే మొదలుపెట్టారు. బావ కాగితాలు చంకలో పెట్టుకుని ముందు నడిచి, వాగులో రాయి రాయికీ ఆగి, చెయ్యి అందించాడు. మొదటి గడిలో బతికున్న చెట్టొకటి ఉంది. నిక్కచ్చి టేపు చుట్టి, బిగించి, “తొంభై నాలుగున్నర” అన్నాడు. పాత అలవాటు కొద్దీ తర్వాతి చెట్టు వైపు తిరిగాడు కూడా. వెనక కలం చప్పుడు వినబడలేదు.

“రాసుకో బావా.”

“ఉండు, చూడనీ.” బావ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆకులు తొక్కుకుంటూ దగ్గరికొచ్చి, వంగి అంకె చదువుకున్నాడు. “తొంభై నాలుగున్నరే,” అన్నాడు. అని, తడబడుతూ, “రూలు కదా, ఏమీ అనుకోకు,” అన్నాడు.

“లేదు బావా,” అన్నాడు నిక్కచ్చి.

రెండో చెట్టు దగ్గర అతను అంకె చెప్పలేదు. టేపు చుట్టి పట్టుకుని, బావ వచ్చి చూసేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.